హ్యాంగర్‌లో పని విధానం ఎవరిది? ఎవరు రాయాలి?

విమాన నిర్వహణ రంగంలో పనిచేస్తున్న పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. నాలుగు ఉత్తరాలూ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చాం.

ప్రశ్న: నేను శంషాబాద్ ప్రాంతంలోని ఒక విమాన నిర్వహణ సంస్థలో లైసెన్సు పొందిన ఇంజనీరును. మా దగ్గర ప్రొసీజర్లన్నీ క్వాలిటీ విభాగమే రాస్తుంది. అవి చదివితే నిబంధనలు చదివినట్టే ఉంటుంది గాని, రాత్రి షిఫ్ట్‌లో మేము చేసే పని అందులో కనిపించదు. ఈ మాట బేస్ మెయింటెనెన్స్ (హ్యాంగర్‌లో జరిగే పెద్ద నిర్వహణ పనుల) మేనేజర్‌గారితో అంటే, అది క్వాలిటీ వాళ్ల డాక్యుమెంటు, వాళ్లనే అడగమన్నారు. క్వాలిటీ వాళ్లను అడిగితే, దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం పొందినదాన్ని మార్చడం కుదరదన్నారు. అసలు ప్రొసీజర్ ఎవరిది? దాన్ని ఎవరు రాయాలి?
— ఒక పాఠకుడు, రంగారెడ్డి జిల్లా

జవాబు: మీరు చెప్పిన ప్రొసీజర్లు మీ బేస్ మెయింటెనెన్స్ మేనేజర్‌గారివే. ఏ పని ఫలితానికి ఎవరు జవాబు చెప్పుకోవాలో, ఆ పనికి కావలసిన మనుషులనూ సమయాన్నీ పనిముట్లనూ కేటాయించే అధికారం ఎవరి చేతిలో ఉంటుందో, ఆ పని విధానానికి వారే యజమాని. దాన్ని రాయవలసినవారు ఆ పనిని రోజూ చేసే ఇంజనీర్లు, టెక్నీషియన్లు. వారికి రాత అలవాటు లేకపోతే భాష సరిచేయడానికి ఒక మనిషిని తోడివ్వవచ్చు గాని, ఏం చేయాలో చెప్పవలసింది మాత్రం వారే. రాసినది నిబంధనకు సరిపోతుందో లేదో చూసి, ఆ తర్వాత హ్యాంగర్‌లో అలాగే జరుగుతోందో లేదో ఆడిట్ చేయడం క్వాలిటీ విభాగం పని.

విమాన నిర్వహణ సంస్థలకు డీజీసీఏ పెట్టిన నిబంధన సీఏఆర్-145 ఈ సంగతిని ఒక్క వాక్యంలో తేల్చి చెప్పదు గాని, దాని నిర్మాణమంతా ఈ దిశలోనే ఉంటుంది. సంస్థలో అందరికంటే పైన అకౌంటబుల్ మేనేజర్ ఉంటారు. నిర్వహణ పనులకు కావలసిన డబ్బు సమకూర్చగల అధికారం ఆయనకు ఉండి తీరాలి. ఆయన కింద బేస్ మెయింటెనెన్స్‌కు, లైన్ మెయింటెనెన్స్‌కు (ప్రయాణాల మధ్య చేసే నిర్వహణకు), వర్క్‌షాపులకు బాధ్యులను నియమించి, వారికి నియంత్రణ సంస్థ అంగీకారం తీసుకోవాలి. క్వాలిటీ మేనేజర్‌ను మాత్రం ఈ ఉత్పత్తి వరుసలో, అంటే పని చేసే విభాగాల వరుసలో కలపకుండా, ఎప్పుడైనా అకౌంటబుల్ మేనేజర్ దగ్గరికి నేరుగా వెళ్లి మాట్లాడగలిగే స్థానంలో విడిగా ఉంచారు. ఏ పనిని, ఏ విధానాన్ని ఆడిట్ చేస్తున్నారో దాని బాధ్యత ఆడిటర్‌కు ఉండకూడదన్న సూత్రం మీదే ఆ ఏర్పాటు నిలబడి ఉంది. ప్రొసీజర్‌ను క్వాలిటీ విభాగమే రాసి, క్వాలిటీ విభాగమే ఆడిట్ చేస్తే, విద్యార్థి తన జవాబు పత్రాన్ని తానే దిద్దుకున్నట్టు అవుతుంది. అప్పుడు ఆడిట్‌లో బయటపడేది ఎప్పుడూ టెక్నీషియన్ తప్పే; రాత తప్పు అసలు బయటికే రాదు.

మీ ఉత్తరంలో రాత్రి షిఫ్ట్ మాట ఉంది కాబట్టి షిఫ్ట్ మార్పిడినే తీసుకుందాం. నేను చూసిన ఒక సంస్థలో, వెళ్లే లీడ్ ఇంజనీరు, వచ్చే లీడ్ ఇంజనీరు ఇద్దరూ విమానం దగ్గరే నిలబడి, ఇంకా ముగియని టాస్క్ కార్డులను (ఒక్కో పనికి ఇచ్చే పత్రాలను) ఒక్కొక్కటిగా చూసుకుని, రిజిస్టరులో సంతకాలు చేయాలని ప్రొసీజర్‌లో చక్కగా రాసి ఉంది. డ్యూటీ చార్టు ప్రకారం ఒక షిఫ్ట్ మధ్యాహ్నం రెండు గంటలకు ముగుస్తుంది, రెండోది సరిగ్గా రెండు గంటలకే మొదలవుతుంది. ఇంటికి వెళ్లే కంపెనీ బస్సు రెండుంపావుకు కదులుతుంది. వచ్చేవారు గేటు దగ్గర భద్రతా తనిఖీ ముగించుకుని, బూట్లు మార్చుకుని హ్యాంగర్‌లోకి అడుగుపెట్టేసరికి ఆ బస్సు వెళ్లిపోయి ఉంటుంది. అందుచేత వెళ్లేవారు తమ సంతకం చేసి రిజిస్టరును టేబుల్ మీద పెట్టి వెళ్తారు, వచ్చినవారు దాని పక్కన తమ సంతకం చేస్తారు. ఆడిటర్ వచ్చి రిజిస్టరు తెరిస్తే రెండు సంతకాలూ పొందికగా ఉంటాయి, ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదన్న సంగతి ఆ పేజీలో ఎక్కడా ఉండదు.

ఆ ప్రొసీజర్ రాసిన క్వాలిటీ ఇంజనీరుది దురుద్దేశమేమీ కాదు. షిఫ్ట్ మారేటప్పుడు అవసరమైన సమాచారం వెళ్లేవారి నుంచి వచ్చేవారికి సరిగ్గా అందాలని నిబంధన చెబుతుంది, దాన్ని ఆయన నిజాయితీగానే కాగితం మీద పెట్టారు. అయితే డ్యూటీ చార్టు ఆయన చేతిలో లేదు, బస్సు వేళ ఆయన చేతిలో లేదు. ఆ రెండూ ఎవరి చేతిలో ఉన్నాయో ఆ మేనేజర్ తన సంతకంతో ఇదే వాక్యం రాయవలసి వచ్చి ఉంటే, ఇరవై నిమిషాలు రెండు షిఫ్ట్‌లూ కలిసి ఉండేలా చార్టు మార్చి ఉండేవారు, లేదా అది కుదరదని ఒప్పుకుని మరో ఏర్పాటు చేసి ఉండేవారు. యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్న చివరికి వచ్చి ఆగేది ఇక్కడే: కుదరని వాక్యాన్ని కుదిరేలా చేయగల మనిషి దాని కింద సంతకం చేయాలి.

పని చేసేవారికీ దాన్ని తనిఖీ చేసేవారికీ మధ్య గీత చెరిగిపోతే ఏమవుతుందో 1991 సెప్టెంబరు 11న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, ఈగిల్ లేక్ దగ్గర తెలిసింది. కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్‌కు చెందిన ఎంబ్రాయర్ 120 విమానం గాలిలోనే విడిపోయి 14 మంది చనిపోయారు. తోక మీది అడ్డ రెక్కకు ఎడమవైపు ముందు అంచును పైనుంచి పట్టి ఉంచే 47 స్క్రూలు లేకుండానే ఆ విమానం ఎగిరింది. ముందటి రాత్రి అక్కడ మంచు నివారణకు ఆ అంచుకు వాడే రబ్బరు తొడుగులు మార్చే పని జరిగింది. సాయంత్రం షిఫ్ట్‌లో స్క్రూలు విప్పారు, కుడివైపు పని తర్వాతి షిఫ్ట్‌లో పూర్తయింది, ఎడమవైపు విప్పిన సంగతి వచ్చినవారికి చేరలేదు. గమనించవలసింది ఏమిటంటే, ఆ స్క్రూలు విప్పినది పనిని తనిఖీ చేయవలసిన ఇన్‌స్పెక్టరే. మెకానిక్‌లకు సాయం చేద్దామని ఆయన పైకెక్కారు. సాయం చేయడం మంచి గుణమే గాని, చూసే కన్ను చేసే చేయిగా మారిన రాత్రి ఆ పనిని బయటినుంచి చూడవలసిన మనిషి ఒకరు తగ్గిపోయారు. ప్రొసీజర్లు రాయడానికి కూర్చున్న క్వాలిటీ విభాగం విషయంలోనూ జరిగేది ఇదే, కాకపోతే నెమ్మదిగా జరుగుతుంది.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ప్రొసీజర్ల రాతను ఉత్పత్తి విభాగం చేతిలో పెడితే వాళ్లకు అనుకూలంగా రాసుకుంటారు, గడువు దగ్గరపడితే రెండో తనిఖీని ఎత్తేస్తారు అంటారు. అలా జరిగే ప్రమాదం ఉంది కాబట్టే నిబంధనకు విరుద్ధమైన వాక్యాన్ని ఆపే అధికారం క్వాలిటీకి పూర్తిగా ఉండాలి. కానీ ఆ భయానికి విరుగుడుగా కలాన్నే వారి చేతికిస్తే రోగం మరోచోట బయటపడుతుంది. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలాగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో కాక్‌పిట్ ముందు అద్దం ఊడిపోయి కెప్టెన్ సగం శరీరం బయటికి వెళ్లిపోయింది. సిబ్బంది ఆయనను పట్టుకుని ఉండగా కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దింపారు, కెప్టెన్ బతికారు. అద్దాన్ని బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండవలసినదానికంటే సన్నవి. రాత్రి షిఫ్ట్‌లో షిఫ్ట్ మేనేజర్ తానే ఒక్కరు ఆ అద్దం మార్చారు, విడిభాగాల పుస్తకం చూడకుండా పాత బోల్టును పక్కన పెట్టి కంటితో సరిపోల్చుకున్నారు. దర్యాప్తు నివేదిక ఆయన దగ్గరే ఆగిపోలేదు. షిఫ్ట్ మేనేజర్లు వాస్తవంగా ఎలా పనిచేస్తున్నారో నేరుగా గమనించకపోవడం వల్ల, నమూనా తనిఖీలూ క్వాలిటీ ఆడిట్లూ ఆ అలవాట్లను పట్టుకోలేకపోయాయని కూడా చెప్పింది. రాత్రి హ్యాంగర్‌లో ఉండవలసిన క్వాలిటీ ఇంజనీరు పగలు కంప్యూటర్ ముందు కూర్చుని మరో పేరా రాస్తూ ఉంటే ఈ ఖాళీ ఎన్నటికీ నిండదు.

ఇక డీజీసీఏ ఆమోదించింది కాబట్టి మార్చలేమన్న మాట. అది నిజం కాదు. ఎంఓఈ అని మనం పిలుచుకునే సంస్థ వివరణ గ్రంథాన్ని ఎప్పటికప్పుడు సవరించి తాజాగా ఉంచడం సంస్థ బాధ్యతేనని నిబంధనే చెబుతుంది. చిన్న సవరణలను సంస్థ తన స్థాయిలోనే ఆమోదించుకునే దారి కూడా ఉంది, అయితే ఆ దారి ఎంఓఈలో ముందే రాసి, ఆమోదం పొంది ఉండాలి. మీ ఎంఓఈ రెండో భాగంలో నిర్వహణ ప్రొసీజర్లు, మూడో భాగంలో క్వాలిటీ ప్రొసీజర్లు ఉంటాయి. మూడో భాగానికి యజమాని క్వాలిటీ మేనేజర్. అక్కడ ఆయన రాత మీద ఎవరూ వేలు పెట్టనక్కరలేదు. రెండో భాగం మీది, మీ మేనేజర్‌ది.

మీరు చేయగలిగింది ఒకటుంది. ప్రొసీజర్‌కూ చేసే పనికీ తేడా కనిపించినప్పుడు దాన్ని అంతర్గత రిపోర్టింగ్ ద్వారా తెలియజేయడం ఉద్యోగులందరి బాధ్యత అని మార్గదర్శకాలు చెబుతున్నాయి. నోటిమాటగా ఫిర్యాదు చేయకుండా, ఒక ప్రొసీజర్‌ను ఎంచుకుని, అందులోని ఏ పేరా మీ షిఫ్ట్‌లో ఎందుకు కుదరడం లేదో, దాని బదులు మీరు ఏం చేస్తున్నారో, ఎలా ఉంటే కుదురుతుందో రాసి రిపోర్టుగా పెట్టండి. దానికి ఒక నంబరు పడుతుంది. నంబరు పడిన కాగితానికి ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ శిక్షణ ముగించి ఈ ఏడాదే హ్యాంగర్‌లో చేరాను. మా సీనియర్ ఒకాయన మాన్యువల్‌లో ఉన్నదానికంటే తేలికైన పద్ధతిలో పని త్వరగా ముగిస్తారు. పని చేసేవారే ప్రొసీజర్ రాయాలన్న మాట నిజమైతే ఆయన పద్ధతి సరైనదే కావాలి కదా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రెండు రకాల రాతలున్నాయి, వాటిని కలపకూడదు. విమానం తయారీదారు ఇచ్చే మెయింటెనెన్స్ మాన్యువల్ ఒకటి, మీ సంస్థ తన పనిని ఎలా నడుపుకోవాలో చెప్పే ప్రొసీజర్ మరొకటి. పై జవాబులో పని చేసేవారే రాయాలన్నది రెండో రకం గురించి. మొదటి రకంలోని పని వరుసను మార్చాలంటే, మార్చిన పద్ధతి పాతదానికి సమానమైన లేదా మెరుగైన ఫలితం ఇస్తుందని చూపించాలి, ఆ మార్పు ఎలా చేయాలో ఎంఓఈలో ఉన్న విధానం ప్రకారమే చేయాలి, తయారీదారుకు తెలపాలి. మీ సీనియర్‌గారి పద్ధతి నిజంగా మెరుగైనదైతే అది ఈ దారిలో రాతలోకి రావాలి. రాతలోకి రానంత కాలం అది ఆయన సొంత అలవాటు మాత్రమే.

1979 మే 25న షికాగోలో కూలిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 విమానం సంగతి శిక్షణలో విని ఉంటారు. విమానంలోని 271 మంది, నేల మీద ఇద్దరు చనిపోయారు. ఇంజన్‌ను ముందు విప్పి, తర్వాత దాన్ని రెక్కకు పట్టి ఉంచే పైలాన్‌ను విప్పాలన్నది తయారీదారు చెప్పిన పద్ధతి. ఎయిర్‌లైన్ ఇంజనీరింగ్ విభాగం ఆ రెంటినీ కలిపి ఒకేసారి ఫోర్క్‌లిఫ్ట్‌తో దించే పద్ధతి రాసుకుంది. విమానానికి దాదాపు 200 పనిగంటలు కలిసివచ్చేవి. విప్పవలసిన తీగలు, గొట్టాల లాంటి కలుపులు 79 నుంచి 27కు తగ్గేవి. విప్పేవి తగ్గితే తిరిగి కలపడంలో పొరపాట్లు తగ్గుతాయి కాబట్టి ఆ ఆలోచనలో అర్థం లేకపోలేదు. కానీ అంత బరువును ఫోర్క్‌లిఫ్ట్ మీద అంగుళంలో భాగాల తేడా రాకుండా నిలపగలమా అన్నది వాస్తవ పరిస్థితిలో సరిగ్గా పరీక్షించలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. కొత్త పద్ధతిలో పైలాన్ ముందు అమరికలను తొలుత విప్పాలని ఉండగా, హ్యాంగర్‌లో పనిచేసేవారు తమకు వీలుగా ఉందని వెనుక అమరికలను ముందు విప్పడం మొదలుపెట్టారు. దాంతో ముందు అమరిక ఇరుసులా మారి, ఫోర్క్‌లిఫ్ట్ కాస్త కదిలినా వెనుక భాగం మీద ఒత్తిడి పడే పరిస్థితి వచ్చింది. ఆ మార్పు రాత ప్రతిలోకి ఎక్కలేదు. రాసినవారు చేసేచోట లేరు, చేసేవారు రాసినవారికి చెప్పలేదు. వెనుక అమరికలో పడిన పగులు ఎవరికీ కనిపించలేదు. ఎనిమిది వారాల తర్వాత విమానం నేల నుంచి లేస్తున్న క్షణంలో ఎడమ ఇంజన్, పైలాన్‌తో సహా ఊడిపోయింది.

కాబట్టి మీ సీనియర్‌గారితో గొడవ పెట్టుకోవద్దు. ‘సార్, మీ పద్ధతిని మనం కాగితం మీద పెట్టి ఇంజనీరింగ్‌కు పంపుదామా’ అని అడగండి. ఆయన ఒప్పుకుంటే అందరికీ మేలు జరుగుతుంది. ఒప్పుకోకపోతే, మీ సంతకం పడే పనిలో మాన్యువల్‌లో ఉన్న వరుసనే పాటించండి.

ప్రశ్న: మాది పది మందిలోపు ఉన్న చిన్న వర్క్‌షాపు. ప్రొసీజర్లు రాసే తీరిక ఎవరికీ లేక ఒక కన్సల్టెంట్ దగ్గర మాన్యువల్ తయారు చేయించుకున్నాం. ఇందులో తప్పేమైనా ఉందా?
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: రాయించుకోవడంలో తప్పు లేదు, చదవకపోవడంలో ఉంది. ఎంఓఈ మొదట్లో ఒక ప్రకటన ఉంటుంది. ఈ గ్రంథమూ దానికి అనుబంధమైన మాన్యువళ్లూ సంస్థ నిబంధనలను ఎలా పాటిస్తుందో వివరిస్తాయని, వాటిని అన్నివేళలా పాటిస్తామని అకౌంటబుల్ మేనేజర్ అక్కడ సంతకం చేస్తారు. కన్సల్టెంట్ ఆ సంతకం చేయరు. కొనుక్కున్న మాన్యువళ్లలో నాకు తరచు కనిపించేది, ఒక్కరే ఉన్న స్టోర్‌కు ‘స్టోర్స్ ఇన్‌ఛార్జి, రిసీవింగ్ ఇన్‌స్పెక్టర్, క్వారంటైన్ అధికారి’ అని మూడు పదవులు రాసి ఉండటం. ఆ మూడు పెట్టెల్లోనూ ఒకే మనిషి సంతకం పడుతుంటే, వచ్చిన సరుకును నిజంగా రెండో మనిషి చూస్తున్నట్టు కాగితం అబద్ధమాడుతుంది.

కన్సల్టెంట్‌ను వారం రోజులు మీ వర్క్‌షాపులో కూర్చోబెట్టి, మీరు చేస్తున్నది చూసి రాయమనండి. రాసినదాన్ని, ఆ రాతతో సంబంధం లేని మీ టెక్నీషియన్ ఒకరి చేతికిచ్చి, పక్కన ఎవరూ మాట సాయం చేయకుండా పని చేయించి చూడండి. ప్రొసీజర్లను, వాటి మార్పులను వీలైనంతవరకు వాడుకలోకి తెచ్చే ముందే ఇలా సరిచూసుకోవాలని మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఆయన ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తే అక్కడ రాత సరిగ్గా లేదని అర్థం. స్వతంత్ర ఆడిట్‌కు మనుషులు చాలకపోతే ఆ పనిని బయటి సమర్థుడికి అప్పగించుకునే వీలు చిన్న సంస్థలకు ఉంది. అయితే మాన్యువల్ రాసిన కన్సల్టెంట్‌కే ఆడిట్ కూడా అప్పగించకండి. ఖర్చు కలిసివస్తుందని చాలామంది చేసేది అదే.

ప్రశ్న: నేను జర్మనీలో ఒక నిర్వహణ సంస్థలో పనిచేస్తున్నాను. ఇక్కడ క్వాలిటీ మేనేజర్ అన్న పదవి పోయి కంప్లయన్స్ మానిటరింగ్ మేనేజర్ అన్నది వచ్చింది, సేఫ్టీ మేనేజర్ అని ఇంకొకరు వచ్చారు. ఇప్పుడు ప్రొసీజర్లు ఈ ఇద్దరిలో ఎవరివి?
— ఒక పాఠకుడు, హాంబర్గ్

జవాబు: ఇద్దరివీ కావు. యూరప్‌లో నిర్వహణ సంస్థల నిబంధన అయిన పార్ట్-145లోకి భద్రతా నిర్వహణ వ్యవస్థను తెచ్చిన సవరణ 2022 డిసెంబరు 2 నుంచి వర్తిస్తోంది. పాత సంస్థలు మారడానికి రెండేళ్ల గడువిచ్చారు. పని చేసే విభాగాధిపతుల బాధ్యత దానివల్ల తగ్గలేదు. కంప్లయన్స్ మానిటరింగ్ మేనేజర్ నిబంధన పాటింపును గమనిస్తారు, సేఫ్టీ మేనేజర్ ప్రమాద అవకాశాల గుర్తింపును సమన్వయం చేస్తారు. ఏదైనా ప్రొసీజర్ మారుతున్నప్పుడు దానివల్ల కొత్త ప్రమాదం ఏమైనా పుడుతుందా అన్న అంచనాలో మెయింటెనెన్స్ మేనేజర్ పక్కన సేఫ్టీ మేనేజర్ కూర్చోవాలి, కానీ కలం మెయింటెనెన్స్ మేనేజర్ మనుషుల దగ్గరే ఉండాలి.

మీ ఉత్తరం చివర, ఇంగ్లీషు రాని జర్మన్ టెక్నీషియన్లు, జర్మన్ అంతగా రాని మీలాంటివారు ఒకే ప్రొసీజర్ చదువుతున్నారని రాశారు. విమాన తయారీదారుల మాన్యువళ్లకు వాడే సరళ సాంకేతిక ఇంగ్లీషు ప్రమాణం, ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100, పని సూచనల్లో వాక్యం 20 పదాలు దాటకూడదంటుంది. సంస్థ ప్రొసీజర్లకు అది తప్పనిసరి కాదు గాని, మీ బృందం రాసేటప్పుడు ఆ ఒక్క నియమం పెట్టుకున్నా చాలు, నిబంధనల భాషలో రాసిన వాక్యాలు చాలావరకు వాటంతటవే విరిగిపోతాయి. ముందు ఒక చిన్న ప్రొసీజర్‌తో మొదలుపెట్టండి. టార్క్ రెంచ్‌లను (బోల్టులను నిర్ణీత బలంతో బిగించే పనిముట్లను) టూల్ స్టోర్ నుంచి తీసుకుని తిరిగి అప్పగించే విధానం అందుకు బాగా పనికొస్తుంది. అందరూ రోజూ చేసే పనే కాబట్టి, రాతలో ఏది తప్పుగా ఉన్నా మొదటి షిఫ్ట్‌లోనే ఎవరో ఒకరు వచ్చి చెబుతారు.